భూక్యా వంశం: 27 పాడాల జాడ

ఏటా జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి వారం నా పని అంతా అడ్మిషన్ రిజిస్టర్‌తోనే. తండాల నుంచి తల్లిదండ్రులు పెట్టెలు, చాపలు పట్టుకుని వస్తారు. నేను ఒక్కొక్కరి పేరు, ఇంటిపేరు అడిగి రాసుకుంటాను. ఒక పాప రాథోడ్ అంటుంది. ఇంకో పాప భూక్యా. మూడో పాప రామావత్. నాలుగో పాప ఆధార్ కార్డులో నాయక్ అని ఉంటుంది. ఐదో పాపకు ఇంటిపేరే లేదు, పేరు ముందు 'ఆర్' అనే ఒక్క అక్షరం ఉంది. రిజిస్టర్ చూసిన ఆఫీసరుకు వీళ్లు ఐదు వేర్వేరు కుటుంబాల పిల్లలు. తండాలో ఒక ముసలమ్మను అడిగితే మాత్రం ఒక్క మాటలో తేల్చేస్తుంది: అందరూ భూక్యా వాళ్లే, అక్కాచెల్లెళ్లే.

ఆ ముసలమ్మకు తెలిసింది మన రిజిస్టర్లకు తెలియదు. మన పిల్లలకూ తెలియకుండా పోతోంది. అందుకే ఈ సావనీర్‌లో లంబాడీల నాలుగు పెద్ద వంశాల్లో ఒకటైన భూక్యా వంశం గురించి రాస్తున్నాను. ఈ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దారిన ఈ ప్రాంతానికి చేరింది, దాని బిడ్డలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారు అన్నవి నాకు తెలిసినంత వరకు చెబుతాను.

గోత్రం, పాడా

ఇతరులు మనల్ని లంబాడీలు, సుగాలీలు, బంజారాలు అని పిలుస్తారు. మనల్ని మనం గోర్ అనుకుంటాం, మన మాట గోర్ బోలి. గోర్ సమాజం మొదట పెద్ద వంశాలుగా, ఆ తర్వాత పాడాలుగా విడిపోతుంది. పెద్దలు లెక్క చెప్పేటప్పుడు భూక్యాకు 27 పాడాలు, వడ్త్యాకు 52, పమార్‌కు 12, చౌహాన్‌కు 6 అంటారు. బానోత్ వారిని వేరే వంశంగా లెక్కపెట్టే పెద్దలూ ఉన్నారు. తెలంగాణలో భూక్యా అనే వంశాన్నే మహారాష్ట్ర, కర్ణాటకల్లో రాథోడ్ అంటారు. మన వడ్త్యా అక్కడ జాదవ్, మన పమార్ అక్కడ పవార్.

రామావత్, మేఘావత్, నేనావత్, కరంటోత్, పాత్లోత్, రాత్లా ఇవన్నీ భూక్యా పాడాలు. ధారావత్, జాటోత్, గుగులోత్, మాలోత్, తేజావత్ వడ్త్యా పాడాలు. సభావత్, కేళూత్, కొర్ర, మూడ్, పాల్త్యా, లావుడ్యా ఈ ఆరూ చౌహాన్‌వి.

ఈ పేర్ల చివర వచ్చే 'ఆవత్', 'ఓత్' ఊరికే వచ్చినవి కావు. ఫలానా వారి సంతానం అని వాటి అర్థం. రామావత్ అంటే రామా అనే మూలపురుషుడి బిడ్డలు. రాజస్థాన్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి ఉంది, రావ్ శేఖా సంతతిని శేఖావత్‌లు అంటారు. స్కాట్లాండ్ కొండ ప్రాంతాల్లోని తెగల పేర్లకు ముందు వచ్చే 'మాక్' అనే మాటకూ కొడుకు అనే అర్థం. మనం పేరు చివర పెట్టుకున్నదాన్ని వాళ్లు ముందు పెట్టుకున్నారు, అంతే.

రాథోడ్, చౌహాన్, పవార్ అనేవి రాజపుత్రుల్లోనూ ఉన్న పేర్లు. దీన్ని పట్టుకుని మనం రాజుల సంతతి అని గొప్పగా చెప్పుకునేవారు ఉన్నారు. నేను పిల్లలకు అలా చెప్పను. మన బోలి రాజస్థానీ భాషల కుటుంబానికి చెందినది, మన పాడాల పేర్లు అక్కడి పద్ధతిలో ఉన్నాయి. మన పూర్వీకులు ఆ వైపు నుంచి నడిచి వచ్చారనడానికి ఈ రెండూ గట్టి సాక్ష్యాలు. అంతకు మించి రాజరికం తగిలించుకోవాల్సిన అవసరం మనకు లేదు. ఎద్దుల మీద ధాన్యం మోసి దేశానికి తిండి పెట్టిన చరిత్రే మనకు చాలు.

భంగీ, జంగీ

14వ శతాబ్దపు చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ, అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీకి ధాన్యం తెచ్చే కారవానీల గురించి రాశాడు. వారిలో మన పూర్వీకులను చూస్తారు చరిత్రకారులు. 1632లో ఉత్తర భారతంలో తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు పీటర్ మండీ దారిలో ఒక తండాను చూశాడు. అందులో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 ఉన్నాయని రాసుకున్నాడు. అప్పట్లో తండా అంటే నేటిలా ఇళ్లున్న పల్లె కాదు, కదిలే బిడారు.

భూక్యా వంశం దక్కన్‌కు వచ్చిన కథ కూడా ఆ కాలానిదే. 1630 ప్రాంతంలో షాజహాన్ మంత్రి ఆసఫ్ ఖాన్ సైన్యంతో దక్షిణానికి వచ్చినప్పుడు, ఆ సైన్యానికి ధాన్యం అందించడానికి భంగీ, జంగీ అనే ఇద్దరు రాథోడ్ నాయకులు 1,80,000 ఎద్దులతో వచ్చారని చెబుతారు. వారితో పాటే వడ్త్యా వంశపు భగవాన్‌దాస్ 52,000 ఎద్దులతో వచ్చాడట. బేరార్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన కంబర్‌లెజ్ ఈ కథను మనవాళ్ల నోట విని 1882లో అచ్చు వేయించాడు. ఆసఫ్ ఖాన్ భంగీ, జంగీలకు బంగారు అక్షరాల రాగి శాసనం ఇచ్చాడని కూడా ఆ కథలో ఉంది. సైన్యం వెంట నడిచినంత కాలం ఇళ్లలోని కుండల నీళ్లు, కప్పుల మీది గడ్డి వాళ్లు తీసుకోవచ్చట. ఆసఫ్ ఖాన్ గుర్రాలు ఎక్కడుంటే భంగీ జంగీల ఎద్దులు అక్కడుండాలట.

ఎద్దుల లెక్క కథలో పెరిగి ఉండవచ్చు. కానీ సైన్యానికి ధాన్యం ఎంత అవసరమో, ఆ ధాన్యం తెచ్చేవాడికి ఎంత విలువ ఉండేదో ఈ కథ చెబుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం కూడా ఉంది. దక్కన్‌లో మన కథ మొదలయ్యేదే వంశం పేరుతో. రాథోడ్‌లు ఇన్ని ఎద్దులతో, వడ్త్యాలు ఇన్ని ఎద్దులతో వచ్చారని చెప్పుకున్నారు తప్ప, లంబాడీలు వచ్చారని గుంపుగా చెప్పుకోలేదు.

1739లో గుత్తి ప్రాంతంలో పుట్టారని చెప్పుకునే సేవాలాల్ మహరాజ్ కూడా రాథోడ్‌లలోని రామావత్ పాడా వారేనని మన పెద్దలు చెబుతారు. ఆయన సమాధి మహారాష్ట్రలోని పోహరాదేవిలో ఉంది. ఏటా ఫిబ్రవరి 15న ఆయన జయంతి జరుపుతాం, భోగ్ పెడతాం. ఆ రోజు మండపం ముందు కూర్చున్న పిల్లల్లో తమది ఏ పాడానో చెప్పగలిగేవారు ఎందరు?

రైలు వచ్చింది, తండా ఆగింది

1791–92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేసిన కారన్‌వాలిస్ సైన్యానికి, 1803లో మరాఠాల మీద యుద్ధం చేసిన వెల్లెస్లీ సైన్యానికి బంజారాలే ధాన్యం తెచ్చారు. యుద్ధాలు తగ్గాయి, రోడ్లు పడ్డాయి, బండ్లు తిరిగాయి. చివరకు రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. వికారాబాద్, లింగంపల్లి మీదుగా వెళ్లే ఆ దారి మనకు దగ్గరిదే. వేల ఎద్దులు వారాల పాటు మోసే బరువును రైలు ఒక్క రోజులో చేరవేసింది. ఎద్దు మీద బతికిన వంశాలకు పని లేకుండా పోయింది.

అలా ఆగిన తండాలు అడవి అంచుల్లో నిలిచాయి. కొందరు పశువులు పెంచి అమ్ముకున్నారు, కొందరు దొరల పొలాల్లో కూలీలయ్యారు. ఆ కాలంలోనే మనపై ఇంకో దెబ్బ పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో పలుచోట్ల బంజారాలనూ ఆ జాబితాలో చేర్చారు. ధాన్యం తెచ్చినప్పుడు సైన్యం వెంట నడవమన్నవాళ్లే, ధాన్యం అక్కర్లేనప్పుడు పోలీస్ ఠాణాలో హాజరు వేయించుకోమన్నారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయ్యింది.

1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. తర్వాత బొంతపల్లి, గడ్డపోతారం వైపు మందుల కంపెనీలు వచ్చాయి. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి మనవాళ్లు ఇక్కడికి పనికి వచ్చారు. వేర్వేరు ప్రాంతాల భూక్యాలు, రాథోడ్‌లు ఇప్పుడు ఒకే కిరాయి గదుల వరుసలో పక్కపక్కన ఉంటున్నారు. నాలుగు వందల ఏళ్ల కింద ఎద్దుల వెంట విడిపోయిన అన్నదమ్ముల బిడ్డలు షిఫ్టు బస్సులో కలుసుకుంటున్నారు. కానీ ఒకరికొకరు ఏమవుతారో చాలామందికి తెలియదు.

ఒక పెళ్లి మాట

తెలియకపోతే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను. పేర్లు, ఊళ్లు చెప్పను. మా హాస్టల్‌లో చదివి వెళ్లిన ఒక అమ్మాయికి సంబంధం కుదిరింది. అమ్మాయి ఇంటిపేరు నాయక్. అబ్బాయి బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టు పని చేసే కుటుంబం, ఇంటిపేరు రాథోడ్. పేర్లు వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కార్డులు అచ్చయ్యాయి. పెళ్లికి వారం ముందు అబ్బాయి నాయనమ్మ ఊరి నుంచి వచ్చి, అమ్మాయి వాళ్లది ఏ పాడా అని అడిగింది. అమ్మాయి తండ్రి తడబడ్డాడు. తాత రామావత్ అని చెప్పేవాడని ఆయనకు లీలగా గుర్తు. ఆ పెద్దావిడ అక్కడే కూలబడింది. రామావత్ అంటే భూక్యా, భూక్యా అంటే రాథోడ్. మన కట్టు ప్రకారం 27 పాడాలూ అన్నదమ్ములే, ఆ లోపల పెళ్లి చేసుకోరు. పెళ్లి ఆగిపోయింది. ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి అడిగింది, "మేడం, ఇందులో నేను చేసిన తప్పేంటి?"

తప్పు ఆ పిల్లది కాదు. వాళ్ల నాన్నను బడిలో వేసిన రోజు పాడా అడగకుండా నాయక్ అని రాసుకున్న కలానిది. నాయక్ అంటే తండా పెద్ద, అది ఒక హోదా. రెవెన్యూ కాగితాల్లో, బడి రిజిస్టర్లలో అది ఇంటిపేరైపోయింది. ఇప్పుడు నాలుగు వంశాల వారిలోనూ నాయక్‌లు ఉన్నారు. నాకు చెందిన ఉద్యోగం వల్లనే ఈ నష్టంలో కొంత జరిగిందని నేను ఒప్పుకోవాలి. మొదట్లో నేనూ అలాగే రాశాను. పొడుగు పేరైతే గడిలో పట్టదని ఒక్క అక్షరం వేసి వదిలేసిన రోజులు ఉన్నాయి.

ఈ కట్టు ఇంకా ఎన్నాళ్లు ఉండాలి అన్నది పెద్దలు, యువత కలిసి కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. కానీ ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు ఎవరు ఎవరో తెలియాలి. కార్డులు అచ్చయ్యాక తెలిస్తే, నష్టపోయేది ఎప్పుడూ ఆడపిల్లే.

పేరు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్నవాళ్లు

పేరు పోవడం మన ఒక్కరికే జరిగింది కాదు. స్కాట్లాండ్‌లో మెక్‌గ్రెగర్ అనే వంశం ఉంది. 1603లో అక్కడి రాజు ఆరో జేమ్స్ ఆ పేరునే నిషేధించాడు. ఆ పేరు పెట్టుకున్నవాడికి మరణశిక్ష. వాళ్లు క్యాంప్‌బెల్, ముర్రే, డ్రమండ్, గ్రాంట్ అని పక్కవాళ్ల పేర్లు పెట్టుకుని బతికారు. మధ్యలో కొన్నేళ్లు సడలించినా, నిషేధం పూర్తిగా పోయింది 1774లో. అంటే 171 ఏళ్ల తర్వాత. అప్పుడు వేరే పేర్లతో బతుకుతున్న 826 మంది ముందుకు వచ్చి, మేము మెక్‌గ్రెగర్లమే అని సంతకాలు చేసి తమ వంశపెద్దను ఎన్నుకున్నారు. 1822లో వంశ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు వలసపోయిన కుటుంబాల వారు కూడా తమ మూలం వెతుక్కుంటూ అక్కడికి వస్తారు.

పేరు చెబితే చంపుతామన్నా, ఐదారు తరాలు ఇళ్లలో గుర్తుపెట్టుకున్నారు. మన పేరును ఎవరూ నిషేధించలేదు. మనమే రెండు తరాల్లో మరిచిపోతున్నాం.

ఒకే వంశం, మూడు సర్టిఫికెట్లు

మరిచిపోవడానికి ఇంకో కారణం రాష్ట్రాల సరిహద్దు. నిజాం కాలంలో మెదక్, బీదర్, నాందేడ్ అన్నీ ఒకే హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు మెదక్ ఆంధ్రప్రదేశ్‌కు, బీదర్ మైసూరుకు, నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. ఒకే పాడా కుటుంబాలు మూడు రాష్ట్రాల్లో పడ్డాయి.

ఆంధ్ర ప్రాంతంలో మనవాళ్లు ముందు నుంచే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణ ప్రాంతంలో 1976 సవరణ చట్టంతో చేరారు. కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. రద్దయిన ఆ నేరస్థ తెగల చట్టం నుంచి విముక్తి పొందినవారు అని ఆ పేరుకు అర్థం. అంటే ఒక తాత మనవలు ముగ్గురు మూడు రాష్ట్రాల్లో ఉంటే, ఒకరు ఎస్టీ, ఒకరు ఎస్సీ, ఇంకొకరు విముక్త జాతి. వలస వచ్చిన కుటుంబానికి ఈ రాష్ట్రపు హోదా రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. బొంతపల్లిలో పనిచేసే తల్లిదండ్రులు హాస్టల్ సీటు కోసం వస్తే, ఒకే పాడా పిల్లల్లో ఒకరికి సర్టిఫికెట్ ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. ఆ తల్లికి ఇది అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగంలో అన్నింటికంటే కష్టమైన పని.

ప్రభుత్వ హోదా సరిహద్దు దగ్గర మారుతుంది. వంశం మారదు. ఈ రెండింటినీ కలిపేసుకోకూడదు. రాథోడ్ అని ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేనంత మాత్రాన బంధుత్వం పోదు.

నేటి భూక్యాలు

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో లంబాడీలు 20 లక్షలకు పైగా ఉన్నారు. అందులో భూక్యాలు ఎందరో జనాభా లెక్కలు చెప్పవు, వంశాన్ని అవి అడగవు. కానీ ఈ పేర్లు ఎక్కడెక్కడ వినిపిస్తాయో చూడండి. రమేష్ రాథోడ్ 2009లో ఆదిలాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. సత్యవతి రాథోడ్ 2019 నుంచి 2023 వరకు గిరిజన సంక్షేమ మంత్రిగా పనిచేశారు. మా హాస్టళ్లు చూసే శాఖ అదే.

నాకు అందరికంటే ముఖ్యంగా చెప్పాలనిపించే పేరు ప్రొఫెసర్ భంగ్యా భూక్యా. ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన ఆయన, నిజాముల పాలనలో లంబాడీల చరిత్రను పుస్తకంగా రాశారు. అది 2010లో వచ్చింది. బ్రిగ్స్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1819లో మన గురించి రాశాడు, తర్వాత కంబర్‌లెజ్ రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్లకు ఒక భూక్యా తనే తన వాళ్ల చరిత్ర రాశాడు. ఆ తర్వాత 2017లో గోండుల చరిత్ర కూడా రాశాడు.

మన సంఘంలోని గోండు బంధువులకు ఇదంతా కొత్త కాదు. వారిలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయి. సగ తెలియకుండా పూజా లేదు, పెళ్లీ లేదు. ఆ వంశకథలను పాడి నిలబెట్టింది ప్రధాన్లు. మనకు ఆ పని ఢాడీలు చేశారు. తండా తండాకు తిరిగి ఏ పాడా ఎవరి నుంచి వచ్చిందో పాడి వినిపించేవారు. ఇప్పుడు ఢాడీలు రావడం తగ్గిపోయింది. వారు మోసిన రిజిస్టర్ వారి గొంతులోనే ఉండేది.

మనం చేయగలిగింది

రెండేళ్లుగా నేను హాస్టల్‌లో ఒక మామూలు నోటుబుక్కు పెట్టాను. అది ప్రభుత్వ రిజిస్టర్ కాదు, పిల్లలదే. సెలవులకు ఇంటికి వెళ్లిన ప్రతి పిల్లా ఐదు విషయాలు అడిగి రావాలి. మన వంశం ఏది, పాడా ఏది, అమ్మ పుట్టింటి పాడా ఏది, నాయనమ్మ పుట్టింటి పాడా ఏది, తాత తండా ఎక్కడిది. ఆడవాళ్ల పాడాలు కావాలనే పెట్టాను. పెళ్లి కాగానే ఆడపిల్ల అత్తవారి వంశంలో కలిసిపోతుంది, పుట్టింటి పేరు ఏ కాగితంలోనూ మిగలదు. కానీ అన్ని వైపుల పాడాలు గుర్తున్నది నాయనమ్మలకు, అమ్మమ్మలకే. ఆ పెళ్లి మాటలో అసలు ప్రశ్న అడిగింది కూడా ఒక నాయనమ్మే కదా.

కొందరు పిల్లలు ఖాళీ పేజీతో తిరిగి వచ్చారు. ఇంట్లో ఎవరికీ తెలియదన్నారు. కొందరు అన్నీ రాసుకొచ్చారు. అలా వచ్చిన జవాబులను గోడ మీద చార్టులో కలిపితే, నాలుగేళ్లుగా ఒకే గదిలో పడుకుంటున్న ఇద్దరు పిల్లలు ఒకే పాడా అని తేలింది. ఒకరు రిజిస్టర్‌లో రాథోడ్, ఇంకొకరు నాయక్. ఆ రోజు రాత్రి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

ఈ సావనీర్ చదివే ప్రతి కుటుంబాన్ని నేను కోరేది ఇంతే. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఈ ఐదు విషయాలు అడిగి రాసి పెట్టండి. పిల్లలను బడిలో వేసేటప్పుడు నాయక్ అనో, ఒక్క అక్షరమో కాకుండా పాడా పేరు పూర్తిగా రాయించండి. రాసుకునే మాలాంటి ఉద్యోగులు గడి చిన్నదంటే, పక్కన రాయమని గట్టిగా అడగండి. తండాల్లో 500 జనాభా దాటినవి 2018 చట్టంతో గ్రామ పంచాయతీలయ్యాయి. ఆ పంచాయతీ ఆఫీసులో తండా పాడాల జాబితా ఒకటి ఉంచడానికి ఖర్చేమీ కాదు.

వంశం పేరు ఒకరి కంటే ఒకరు గొప్ప అని చెప్పుకోవడానికి కాదు. భంగీ జంగీల ఎద్దులు ఇప్పుడు లేవు, ఆ రాగి శాసనం చూపించి నీళ్లు అడిగే రోజులూ లేవు. మిగిలింది ఒక్క పేరు. ఆ పేరు చెప్పుకుంటే బీదర్‌లోనో నాందేడ్‌లోనో అనంతపురంలోనో ఒక గడప మనల్ని బిడ్డా అని లోపలికి పిలుస్తుంది. మన పిల్లలకు ఆ గడప దారి తెలియాలి.

జై సేవాలాల్.